తేలడం కాదు, పడటం

సంపాదకులకు నమస్కారం.

వ్యోమగాముల జీవితం గురించి మీ ఆదివారం పిల్లల పేజీలో వచ్చిన వ్యాసాన్ని నాకంటే ముందు మా తొమ్మిదో తరగతి పిల్లలు చదివారు. సోమవారం నేను క్లాసుకు వెళ్లేసరికి ఆ పేజీ బోర్డు పక్కన అంటించి ఉంది. బొమ్మలు బాగున్నాయి. అక్షరాలు పెద్దవి. స్పేస్ సూట్‌లో ఏ భాగం దేనికో బాణం గుర్తులు వేసి మరీ చూపించారు. అంతా బాగానే ఉంది కానీ రెండో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి వ్యోమగాములు తేలుతూ ఉంటారు' అని రాశారు.

ఇది తప్పు. అయితే తప్పు పట్టుకున్నానన్న గొప్ప కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. ఫిజికల్ సైన్స్ టీచరుగా చేరిన కొత్తలో ఎనిమిదేళ్ల పాటు నేనూ ఇదే వాక్యం చెప్పాను, నోట్సులో రాయించాను, పరీక్షలో రాసినవాళ్లకు మార్కులు కూడా వేశాను. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడొకడు, మామూలుగా నోరు విప్పనివాడు, లేచి అడిగాడు. "గురుత్వాకర్షణ లేకపోతే ఆ స్పేస్ స్టేషన్ భూమి చుట్టూ ఎందుకు తిరుగుతుంది మేడం? తిన్నగా వెళ్లిపోవాలి కదా?" నాకు జవాబు తోచలేదు. "కూర్చో, రేపు చెప్తాను" అన్నాను. టీచరు రేపు చెప్తానంటే దాని అర్థమేమిటో పిల్లలకు బాగా తెలుసు. ఆ రాత్రి అటక మీద నుంచి డిగ్రీ పుస్తకాలు దించాను.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నేలకు దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. భూమిని ఒక ఫుట్‌బాల్ అనుకుంటే ఆ స్టేషన్ బంతి తోలుకు సెంటీమీటరు దూరంలో కూడా లేదన్నమాట. అంత దగ్గర్లో గురుత్వాకర్షణ ఎక్కడికి పోతుంది? నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం అక్కడా ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తున ఒక స్తంభం కట్టి, దాని కొసన బరువు తూచే మిషను పెట్టి, 40 కిలోల పిల్లవాణ్ణి ఎక్కిస్తే అది 35 కిలోలు చూపిస్తుంది. వాడు తేలడు. కాలు జారితే కింద పడతాడు.

స్టేషన్‌లో ఉన్నవాళ్లు చేస్తున్నదీ అదే, పడటం. వాళ్లు పడుతున్నారు, వాళ్ల చుట్టూ ఉన్న స్టేషనూ పడుతోంది, వాళ్ల చేతిలోని చెంచా, చెంచాలోని నీటి బొట్టు అన్నీ ఒకే తీరుగా పడుతున్నాయి. అన్నీ కలిసి పడుతుంటే ఏదీ దేని మీదా ఆనదు. కాళ్లకు నేల ఆనితేనే కదా మనకు బరువు తెలిసేది! మరి పడుతూనే ఉంటే నేలకు ఎందుకు తగలరంటే, అది చిన్న లెక్క. రాయిని వదిలితే మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి తిన్నగా 8 కిలోమీటర్లు ముందుకు పోయేసరికి నేల కూడా దాదాపు 5 మీటర్లు కిందికి వంగిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోమీటర్ల చొప్పున ముందుకు పోయేది ఎంత పడితే నేల కూడా అంత కిందికి తప్పుకుంటుంది. ఎంతసేపు పడినా ఎత్తు తగ్గదు. కొండ మీద నుంచి పేల్చిన ఫిరంగి గుండు ఉదాహరణతో న్యూటన్ మూడు వందల ఏళ్ల కిందటే చెప్పిన సంగతి ఇది. స్టేషన్ వేగం గంటకు 28,000 కిలోమీటర్లు, సెకనుకు 8కి కాస్త తక్కువ. గంటన్నరకు ఒక చుట్టు.

ఎత్తుకూ తేలడానికీ సంబంధం లేదనడానికి సాక్ష్యం మన తెలుగమ్మాయి శిరీష బండ్లే. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ కంపెనీ వాహనంలో ఆమె వెళ్లింది 86 కిలోమీటర్ల ఎత్తుకు. అక్కడ గురుత్వాకర్షణ మూడు శాతం కూడా తగ్గదు. అయినా కొన్ని నిమిషాలు తేలారు. ఇంజను ఆగాక ఆ వాహనం పైకి విసిరిన రాయిలాగే పోయి, రాయిలాగే వెనక్కి పడింది మరి.

ఆ కుర్రాడు అడిగిన మర్నాడు క్లాసులో ఈ పడటం సంగతి బోర్డు మీద గీస్తే సగం మందికి ఎక్కలేదు. దాంతో ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున మేకుతో బెజ్జం పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి మేడ మీద నుంచి పట్టుకున్నాను. బెజ్జంలోంచి నీళ్లు సన్నటి ధారగా కారుతున్నాయి. పిల్లలంతా కింద నిలబడి చూస్తున్నారు. సీసా వదిలేశాను. పడుతున్నంతసేపూ ధార ఆగిపోయింది. బెజ్జం మూసినవాళ్లెవరూ లేరు, నీళ్లు అయిపోనూ లేదు. సీసా, నీళ్లు కలిసి పడుతున్నాయి కాబట్టి నీళ్లు సీసా అడుగును నొక్కడం మానేశాయి. ఆ తర్వాత సీసా నేలకు తగిలి మా తెలుగు మాస్టారి పంచె తడిసింది, అది వేరే సంగతి. ఆ వెనక బెంచీ కుర్రాడు మాత్రం "మళ్లీ వెయ్యండి మేడం" అని నాలుగుసార్లు వేయించాడు.

ఒక్క వాక్యం కోసం ఇంత రామాయణం ఎందుకని మీరనుకోవచ్చు. గురుత్వాకర్షణ లేదని చెప్తే పిల్లలకు అంతరిక్షం ఒక మాయాలోకం అయిపోతుంది. అక్కడ ఏదైనా జరగొచ్చు, ఎందుకని అడగక్కర్లేదు. పడుతున్నారని చెప్తే అక్కడ లోపలివాళ్లకు 'కిందికి' అనేది తెలియదని అర్థమవుతుంది, మిగతాదంతా పిల్లలే ఆలోచించి పట్టుకుంటారు. మీ వ్యాసం వచ్చిన వారం అలాగే చేశాను. వ్యోమగాములను ఏం అడగాలనుందో చీటీ మీద రాయమన్నాను. 41 చీటీలు వచ్చాయి. వాటిలో 26 చీటీలు టాయిలెట్ గురించే. మీ వ్యాసంలో ఆ మాటే లేదు!

టాయిలెట్ కంటే ముందు నీళ్ల సంగతి. 2013లో కెనడాలో ఇద్దరు స్కూలు విద్యార్థినులు ఒక ప్రశ్న పంపారు. తడిగుడ్డను అక్కడ పిండితే ఏమవుతుంది? అప్పుడు స్టేషన్‌లో ఉన్న క్రిస్ హాడ్‌ఫీల్డ్ కెమెరా ముందు గుడ్డ తడిపి పిండి చూపించారు. నీళ్లు కారలేదు. గుడ్డ చుట్టూ గాజు గొట్టంలా పట్టుకుని, అక్కణ్ణుంచి మెల్లగా ఆయన వేళ్ల మీదికి జరిగి, చేతులకు జిగురులా అంటుకున్నాయి. నీటికి తనలో తాను అతుక్కునే గుణం, పక్కవాటిని అంటుకునే గుణం ఇక్కడా ఉన్నాయి. ఇక్కడ కిందికి కారే తొందరలో ఆ గుణం బయటపడదు. అంతే తేడా. ఈ వీడియో చూపించాక నేను ఒక్కటే అడిగాను. అక్కడ ఏడిస్తే కన్నీళ్లు ఏమవుతాయి? ముందు బెంచీ పిల్ల "కంట్లోనే ఉండిపోతాయి" అంది. నిజంగా అదే జరిగింది. 2001లో అదే హాడ్‌ఫీల్డ్ మొదటి స్పేస్ వాక్‌లో (అంటే నౌక బయటికి వచ్చి పనిచేస్తూ) ఉండగా, హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా రాసే ద్రావణం ఒక కంట్లో పడింది. కన్ను మండి నీళ్లూరాయి. కారితే మంట పోయేది. కారలేదు. ఆ కంట్లోనే గోళీలా పెరిగి, ముక్కు మీదుగా రెండో కంట్లోకి పాకి ఆ కన్ను కూడా మూసేసింది. చుట్టూ శూన్యం, రెండు కళ్లూ కనబడవు, హెల్మెట్ లోపలికి చెయ్యి వెళ్లదు. కన్నీళ్లు ఊరి ఊరి ఆ ద్రావణం పలచబడ్డాకే చూపు వచ్చింది.

ఇంకా పెద్ద ప్రమాదం 2013 జూలై 16న జరిగింది. ఇటలీ వ్యోమగామి లూకా పర్మితానో స్టేషన్ బయట పనిచేస్తుండగా తల వెనక చల్లగా తగిలింది. సూట్‌లో ఒంటిని చల్లబరిచే నీటి వ్యవస్థ ఒకచోట పూడుకుపోయి, నీళ్లు గాలి గొట్టంలోకి వచ్చి హెల్మెట్‌లోకి చేరుతున్నాయి. ఇదే ఇక్కడైతే మెడ మీదుగా కిందికి కారిపోయేవి. అక్కడ తలకు అంటుకుని, చెవులు కప్పి, కళ్లు కప్పి, ముక్కు దాకా వచ్చాయి. లీటరుకు పైగా నీళ్లు. ఆయన తలుపు వైపు తిరిగేసరికి పొద్దు కూడా గుంకింది. ఏమీ కనబడటం లేదు, రేడియోలో మాటలు సరిగా వినబడటం లేదు. నడుముకున్న తాడును పట్టుకుని, దారి గుర్తు తెచ్చుకుంటూ తడుముకుంటూ లోపలికి చేరారు. చెరువులో కాదు, ఆకాశంలో మునిగిపోబోయాడు మనిషి! ఆ తర్వాత హెల్మెట్ వెనక నీళ్లు పీల్చే మెత్త ఒకటి, నోటి దగ్గర గాలి పీల్చుకునే గొట్టం ఒకటి పెట్టడం మొదలుపెట్టారు. ఈ కథ చెప్తున్నంతసేపూ మా క్లాసులో చప్పుడు లేదు. చివర్లో ఒకడు "ఆ తాడు ఎక్కడుందో ఆయనకు ఎలా గుర్తుంది మేడం?" అన్నాడు. శిక్షణ గురించి నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

శిక్షణలో ఉన్న చిక్కల్లా ఇదే. 'కిందికి' లేని చోట ఎలా మసలాలో నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడం మాత్రం 'కిందికి' ఎప్పుడూ పోని నేల మీద జరగాలి. ఒక దారి విమానం. విమానాన్ని ఏటవాలుగా పైకి పరిగెత్తించి, ఒక చోట విసిరేసిన రాయిలా వదిలేస్తారు. లోపలివాళ్లకు 20 సెకన్లకు కాస్త పైగా భారరహిత స్థితి. దానికి ముందూ తర్వాతా ఒంటి బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఒకే ప్రయాణంలో ఇలా ముప్పై నలభైసార్లు. ఆ విమానానికి వ్యోమగాములు పెట్టుకున్న ముద్దు పేరు తెలుగులో చెప్పాలంటే 'వాంతుల విమానం'. మా పిల్లలకు ఈ పేరు తెగ నచ్చింది.

ఇరవై సెకన్లలో బోల్టు బిగించడం నేర్చుకోలేం కదా. దానికి నీళ్లు కావాలి. అమెరికాలో హ్యూస్టన్ దగ్గర నాసా కొలను ఒకటుంది. 62 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు, 2 కోట్ల 30 లక్షల లీటర్ల నీళ్లు. అందులో స్టేషన్ భాగాలను అసలు సైజులోనే చేసి ముంచి పెట్టారు. నేల మీద వంద కిలోలు దాటే సూట్ వేసుకున్న వ్యోమగామిని క్రేనుతో నీళ్లలోకి దించి, మునగకుండా, పైకి తేలకుండా ఉండేలా డైవర్లు బరువులూ తేలే ముక్కలూ సర్దుతారు. ఒక్కసారి దిగితే ఆరు గంటలు లోపలే. బయట ఒక గంట చేయాల్సిన పనికి ఇక్కడ ఆరేడు గంటల సాధన. పర్మితానో చేతులకు దారి గుర్తుందంటే ఇలాంటి కొలనులో చేసిన సాధన వల్లే. గాలి నింపిన ఆ గ్లవ్స్‌లో వేళ్లు ముడవడమంటే రబ్బరు బంతిని పిసుకుతూ ఉండటమే. గోళ్లు ఊడినవాళ్లూ ఉన్నారు.

అయినా కొలను పూర్తిగా నిజం చెప్పదు. నీళ్లలో దేన్నైనా తోసి వదిలేస్తే కాసేపటికి ఆగిపోతుంది, అంతరిక్షంలో ఆగదు. పైగా కొలనులో తలకిందులైతే సూట్ లోపల రక్తం తలకు పోటెత్తుతుంది. ఎందుకంటే సూట్ తేలినా, లోపలి మనిషికి గురుత్వాకర్షణ తప్పదు. ఈ తేడా అడిగితే చెప్పిన పిల్లకు నేను ఐదు మార్కులు అదనంగా వేశాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదనుకోండి.

ఇంత సాధన మొదటి నుంచీ లేదు. 1966 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమినీ 9ఏ నుంచి బయటికి వచ్చిన యూజీన్ సెర్నన్ రెండు గంటల్లో అలసి సొలసిపోయారు. పట్టుకోవడానికి సరైన పట్టుల్లేవు. ఒక మర తిప్పబోతే తానే తిరిగిపోతున్నారు. హెల్మెట్ అద్దం ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. బయట నడవడం అంటే ఇంత కష్టమా అని నాసాలో కంగారు పుట్టింది. అదే ఏడాది నవంబరులో జెమినీ 12లో వెళ్లిన బజ్ ఆల్డ్రిన్ ముందుగా నీళ్లలో సాధన చేసి వెళ్లి, మొత్తం ఐదు గంటలకు పైగా నిమ్మళంగా పని చేసుకొచ్చారు. అప్పటి నుంచి కొలను లేకుండా స్పేస్ వాక్ లేదు.

శిక్షణంటే అంతా ఇలాంటి సాహసాలేనని పిల్లలు అనుకోకూడదని నా బాధ. చాలా భాగం బడి చదువే. నాసాలో ఎంపికైనవాళ్లకు ప్రాథమిక శిక్షణే రెండేళ్లు. 2017లో 18,300 మందికి పైగా దరఖాస్తు చేస్తే తీసుకున్నది 12 మందిని. వాళ్లు పైలట్లు, డాక్టర్లు, ఇంజనీర్లు ఎవరైనా సరే మళ్లీ బెంచీ మీద కూర్చుని రష్యన్ భాష నేర్చుకోవాలి. అక్కడ పన్ను నొప్పి వస్తే డాక్టరూ వాళ్లే, పంపు పాడైతే ప్లంబరూ వాళ్లే. మంటలు, గాలి లీకు, అమ్మోనియా లీకు, వీటిలో ఏది వచ్చినా ఎవరెటు కదలాలో నిద్రలో లేపినా చెప్పేటట్టు డ్రిల్లు చేయిస్తారు. మంటల సంగతిలో ఒక తమాషా. వేడి గాలి పైకి పోవాలంటే చల్ల గాలి బరువుగా కిందికి దిగాలి. అక్కడ ఆ రెండూ లేవు కాబట్టి కొవ్వొత్తి మంట మొగ్గలా కాకుండా నీలంగా, గుండ్రంగా బంతిలా ఉంటుంది. పొగ కూడా పైకప్పుకు చేరదు. అందుకే పొగను పసిగట్టే పరికరాలను గాలి పోయే గొట్టాల దగ్గర పెడతారు. మంట వస్తే ముందు చేసే పని ఫ్యాన్లు ఆపేయడం. గాలి కదలకపోతే మంటకు తిండి లేదు.

రష్యన్ పద్ధతిలో చలి అడవిలో బతకడం కూడా ఒక పాఠం. 1965 మార్చిలో ప్రపంచంలో మొదటి స్పేస్ వాక్ చేసిన లియోనోవ్, తోటి వ్యోమగామి బెల్యాయెవ్‌తో కలిసి తిరిగొచ్చేటప్పుడు దారి తప్పి మంచు అడవిలో దిగారు. రెండు రాత్రులు అక్కడే గడిపారు. అంతరిక్షం నుంచి ప్రాణాలతో వచ్చి అడవిలో గడ్డకట్టిపోకూడదు కదా. మన వ్యోమగాములు శుభాంశు శుక్లా, ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్ నలుగురూ 2020, 2021లలో మాస్కో దగ్గరి గగారిన్ శిక్షణ కేంద్రంలో ఈ పాఠాలు చదువుకున్నవాళ్లే.

ఇక్కడ నాదో మాట. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయజ్ టి-11లో వెళ్లినప్పుడు నేను ఐదో తరగతి. రేడియో చుట్టూ మూగి విన్నాం. ఆయనతో సమానంగా రష్యాలో శిక్షణ పొంది, అన్ని పరీక్షలూ నెగ్గి, నేల మీదే ఉండిపోయిన రవీశ్ మల్హోత్రా పేరు నాకు టీచరు అయ్యాక గానీ తెలియలేదు. 2025లో శుక్లా స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఆయనకు బదులు మనిషిగా సిద్ధంగా ఉన్నది ప్రశాంత్ నాయర్. సూట్ కుట్టించుకుని, అన్నీ నేర్చుకుని, పక్కవాడు ఎక్కుతుంటే చెయ్యి ఊపే పని కూడా వ్యోమగామి పనే. మీ పిల్లల పేజీలో ఒక్క ఆదివారం వాళ్ల బొమ్మ వేయండి.

26 చీటీల బాకీ ఇప్పుడు తీరుస్తాను. ఇక్కడ మన టాయిలెట్‌ను నడిపేది నీళ్లూ గురుత్వాకర్షణే. అక్కడ ఆ పని గాలిది. వాక్యూమ్ క్లీనర్‌లా గాలి లోపలికి లాగుతుంది. మూత్రానికి గరాటు ఉన్న గొట్టం, రెండోదానికి చిన్న రంధ్రం ఉన్న సీటు. గురి తప్పకూడదు కాబట్టి అమెరికా స్పేస్ షటిల్ నౌకల రోజుల్లో సీటు కింద కెమెరా పెట్టి, ఎదురుగా టీవీలో చూసుకుంటూ కూర్చోవడం నేర్పేవాళ్లు. ఈ మాట చెప్పగానే క్లాసు పది నిమిషాలు నా చేతిలో లేదు. మూత్రాన్ని, చెమటను, ఊపిరిలోని తేమను కూడా పట్టి శుద్ధి చేసి మళ్లీ తాగుతారు. 2023 నాటికి ఇలా 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగారు. రెండోదాన్ని మాత్రం సంచుల్లో కట్టి, ఖాళీ అయిన సరకుల నౌకలో చెత్తతో పాటు పంపిస్తే వాతావరణంలో కాలిపోతుంది. "అంటే తోకచుక్కలా కనిపిస్తుందా?" అన్నాడొకడు. తోకచుక్క కాదురా, ఉల్క అని సరిదిద్దాను. ఏం చేస్తాం, టీచర్ని.

నిద్రకు సంచి ఒకటి గోడకు కట్టి ఉంటుంది. మంచం, తలగడ అక్కర్లేదు. ఏ గోడైనా ఒకటే. చేతులు మాత్రం వాటంతట అవే ముందుకు లేచి నిద్రలో నడిచేవాళ్లలా ఉంటాయి. ముఖం దగ్గర గాలి ఆడుతూ ఉండాలి. ఫ్యాను లేకపోతే మనం వదిలిన ఊపిరి ఎటూ పోక ముఖం చుట్టూనే పేరుకుంటుంది. రోజుకు 16 సూర్యోదయాలు కాబట్టి పొద్దును చూసి లేవడం కుదరదు, గ్రీన్విచ్ టైము ప్రకారం నడుస్తారు. శనివారం ఇల్లు దులుపుకోవడం తప్పనిసరి. బట్టలు ఉతకడం లేదు, మాసినవి పారేయడమే. ఏదైనా వస్తువు పోతే వెతికే మొదటి చోటు గాలి లోపలికి పోయే జాలీ. వదిలేసినవన్నీ చివరికి గాలివాటున అక్కడికే చేరతాయి. ఒక్కోసారి చేరవు కూడా. 371 రోజులు ఉన్న అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో స్టేషన్‌లో పండించిన చిన్న టమాటాను ఎక్కడో పోగొట్టుకున్నారు. తినేశాడని అందరూ ఏడిపించారు. గంటల తరబడి వెతికినా దొరకలేదు. ఆయన నేలకు తిరిగొచ్చాక, ఎండి ముడుచుకుపోయిన స్థితిలో దొరికిందని 2023 డిసెంబరులో తెలిసింది. నింద పోయింది.

ఒంటి సంగతి త్వరగా చెప్తాను. మోసే బరువు లేదని ఎముక తనను తాను కరిగించుకుంటుంది. బరువు మోసే ఎముకల్లో నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా సాంద్రత తగ్గుతుంది. అందుకే రోజూ దాదాపు రెండు గంటల వ్యాయామం. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తాలంటే భుజాలకూ నడుముకూ పట్టీలు వేసి కిందికి లాగించుకోవాలి, లేకపోతే మొదటి అడుగుకే గాల్లోకి పోతారు. సునీతా విలియమ్స్ 2007 ఏప్రిల్ 16న అలా పట్టీలతోనే బోస్టన్ మారథాన్ దూరాన్ని 4 గంటల 24 నిమిషాల్లో పరిగెత్తారు. ఆ లోపల స్టేషన్ భూమిని దాదాపు మూడుసార్లు చుట్టేసింది. ఎనిమిది రోజుల పని అని 2024 జూన్‌లో వెళ్లి 286 రోజులకు తిరిగొచ్చిందీ ఆమే. నాకు మాత్రం ఆమె గురించి అన్నిటికంటే ఇష్టమైనది 2012 సంగతి. స్టేషన్ బయట ఒక బోల్టు రంధ్రంలో చెత్త ఇరుక్కుని మర బిగుసుకోకపోతే, లోపలికి వచ్చి ఉన్న సామానుతోనే పనిముట్లు తయారుచేసుకుని మళ్లీ వెళ్లారు. అందులో ఒకటి పళ్లు తోముకునే బ్రష్షు.

నడక లేనందున అరికాళ్ల మందపాటి చర్మం ఊడిపోయి పసిపిల్లల పాదాల్లా అవుతాయి. నిలదొక్కుకోవడానికి పాదాలను కమ్మీల కింద దూర్చి దూర్చి, పాదం పై భాగం మాత్రం గరుకెక్కుతుంది. వెన్నెముక సాగి పొడుగు కూడా పెరుగుతారు. ఇది చెప్పగానే మా క్లాసులో అందరికంటే పొట్టివాడు అంతరిక్షానికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. తిరిగొచ్చాక మళ్లీ తగ్గిపోతారని వాడికింకా చెప్పలేదు. తిరిగి రావడం కూడా ఒక శిక్షణే. శుక్లా 2025 జూలైలో వచ్చాక, మంచం మీద ల్యాప్‌టాప్ పని ముగించుకుని అది గాల్లో నిలుస్తుందనుకుని పక్కకు వదిలేశారట. నేల మీద తివాచీ ఉండబట్టి సరిపోయిందని ఆయనే చెప్పారు. మూడు వారాలు కూడా గడవలేదు, ఆ కాస్త కాలానికే చెయ్యి 'కిందికి' అన్నదాన్ని మరిచిపోయింది!

ఇక నా మనవి. సవరణ రెండు లైన్లలో వేస్తే చాలు, మూలన వేసినా పర్వాలేదు. దాంతోపాటు ఇంకొకటి. ఆ స్టేషన్ మన కంటికి కనిపిస్తుంది. దుర్భిణి కూడా అక్కర్లేదు. తెల్లవారుజామునో, పొద్దుగుంకాకనో, మినుకు మినుకుమనకుండా మంచి వెలుగుతో ఒక చుక్క ఆకాశం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఐదారు నిమిషాల్లో సాగిపోతుంది. పోయిన వారం టైము చూసి పెట్టుకుని పిల్లలను సాయంత్రం గ్రౌండులో నిలబెట్టాను. వచ్చింది. నెత్తి మీద దాకా వచ్చి, చూస్తుండగానే మసకబారి మాయమైంది. భూమి నీడలోకి వెళ్లింది. "పడిపోయిందా మేడం?" అని ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుంది. పక్కనున్న పిల్ల "అది ఎప్పుడూ పడుతూనే ఉంటుందే, మేడం చెప్పారుగా" అని కసురుకుంది.

మీరు రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు వేస్తున్నారు కదా, వాటి కిందే స్టేషన్ కనబడే రోజుల్లో దాని వేళ కూడా వేయండి. ఎన్ని గంటలకు, ఏ దిక్కున మొదలై, ఏ దిక్కుకు పోతుంది, అంతే. మబ్బుంటే మా ఖర్మ.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచరు
(నా పేరు, స్కూలు పేరు అచ్చు వేయవద్దని మనవి. తెలుగు మాస్టారు మీ పత్రికే చదువుతారు.)